పిచ్చుకలు తినేసిన మొక్కు

మొన్న మార్గశిరంలో ఒక మధ్యాహ్నం కాఫీ తాగుతూ ఫోను చూసుకుంటూ ఉంటే, మా తమ్ముడి కూతురు రాజమండ్రి నుంచి ఒక ఫొటో పంపింది. పాలకొల్లు పక్కనున్న మా ఊరివాళ్ళు ఏటా కొత్త పంట చేతికి రాగానే అన్నవరం కొండకి కాలినడకన వెళతారు. దారిలో రాజమండ్రిలో ఒక రోజు ఆగి, కాళ్ళకి విశ్రాంతి ఇచ్చి, గోదావరిలో మునిగి, ఊరు చూసుకుని, మర్నాడు మళ్ళీ బయల్దేరుతారు. ఫొటోలో వాళ్ళు దిగిన కల్యాణ మండపం వరండా ఉంది, వరండా కొక్కేనికి స్వామి కోసం తీసుకెళుతున్న వరికంకుల కుచ్చు వేలాడుతోంది, చుట్టుపక్కల కాపలాకి ఒక్క మనిషీ లేడు. కాఫీ చీర మీద ఒలికింది. వెంటనే ఫోను చేసి, ముందు ఆ కుచ్చు లోపల పెట్టి తలుపెయ్యమని కేకలేశాను. అది తాపీగా నవ్వి, "పొద్దున్న అల్లినప్పటినుంచీ అక్కడే ఉంది అత్తా, ఒక్క పిట్ట కూడా రాలేదు, నువ్వు కంగారు పడకు" అంది.

కంగారు పడకుండా ఎలా ఉంటాను! అదే రాజమండ్రిలో, అలాంటి వరండాలోనే, అలాంటి విశ్రాంతి రోజునే, మా నాన్నగారి మొక్కు పిచ్చుకల పాలైంది. ఆ సంగతి ఇంట్లో పిల్లలకి ముక్కలు ముక్కలుగా తెలుసు గానీ మొత్తం కూర్చోబెట్టి ఎవరికీ చెప్పలేదు. కాఫీ మరక ఉతుక్కుంటూ, ఇక చెప్పేయాలి అనుకున్నాను.

మన ఈడువాళ్ళకి, అందులోనూ కాలవ నీళ్ళ కింద పుట్టి పెరిగినవాళ్ళకి కుచ్చంటే వివరించనక్కర్లేదు. అయినా చిన్నవాళ్ళెవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను. కోతలప్పుడు నిండుగా గింజ పట్టిన కంకుల్ని పొడుగాటి కాడలతో సహా ఏరుకుని, కాడల మీద నీళ్ళు చిలకరించి మెత్తబడనిచ్చి, జడ అల్లినట్టు అల్లుకుంటూ పోతే కంకులన్నీ చుట్టూ వాలి గుత్తిగా కిందకి దిగుతాయి. దాన్ని వీధి వరండాలో చూరుకి కడతారు. పిచ్చుకలు వచ్చి వేలాడుతూ తింటాయి. మనం తినే గింజలో వాటి వాటా అది. మా ఇంట్లో ఆ విద్య మగవాళ్ళది, తాతగారి దగ్గర నాన్నగారు నేర్చుకున్నారు. నాన్నగారు కుచ్చు అల్లుతున్నారంటే ఇల్లంతా నిశ్శబ్దం, ఎవరూ పలకకూడదు. మధ్యలో ఎవరైనా తుమ్మారా, కట్టిందంతా విప్పేసి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆ సీజనులో మా ఇంట్లో జలుబు చేసినవాళ్ళు పెరట్లోకి పోయి కూర్చోవాల్సిందే.

నేను టీచరు ట్రైనింగు పూర్తిచేసి పోస్టింగు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్న రోజులవి. అంతకు ముందు వరసగా రెండేళ్ళు వానాకాలం సార్వా పంట మాకు దక్కలేదు. ఒక ఏడు కోతకొచ్చిన చేను తుపానుకి పడిపోయి, నీళ్ళలోనే కంకులు మొలకలెత్తాయి. నాన్నగారు ఆ మొలకెత్తిన కంకిని చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడిపోవడం నాకింకా కళ్ళముందుంది. మరుసటి ఏడు మురుగుకాలవ పొంగి, నాట్లు ఊడ్చిన చేను ఊడ్చినట్టే కుళ్ళిపోయింది. ఇక చేను కౌలుకిచ్చేసి పాలకొల్లులో ఏదైనా కొట్లో గుమాస్తాగా కుదురుకోమని బంధువులు సలహాలివ్వడం మొదలుపెట్టారు. సలహాకేముంది, ఊరికే వచ్చేదే కదా. నాన్నగారు ఎవరికీ ఎదురు చెప్పలేదు. మూడో ఏడు నాట్లు పడ్డ సాయంత్రం చేలోనే నిలబడి అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకున్నారు. ఈసారి గింజ ఇంటికి చేరితే తొలికోత కంకులతో కుచ్చు కట్టి, నేల తగలనివ్వకుండా భుజాన మోసుకుని, నడిచి వచ్చి నీ సన్నిధిలో కడతాను, అది కట్టేదాకా కొత్తబియ్యం ముట్టను, రెండో పంట దాళ్వాకి నారు పోయను, ఈ ఏడు కూడా నన్ను నిలబెట్టకపోతే నేను వ్యవసాయానికి పనికిరానివాణ్ణనుకుని చేను వదిలేస్తాను అని. ఆ ఏడు చేను విరగపండింది. గట్టున వెళ్ళేవాళ్ళు ఆగి మరీ చూసి వెళ్ళేవారు.

అలా బయల్దేరాం. నాన్నగారు, అమ్మ, బాబాయి, నాన్నగారి అక్క, అంటే మా మేనత్త, నేను. అత్తయ్య గురించి ఒక్కమాట చెప్పాలి. నియమాలన్నీ ఆవిడ నోట్లోనే ఉండేవి. ఏ తిథికి ఏం తినాలో, ఏ మొక్కు ఏ కాలితో మొదలుపెట్టాలో ఆవిడ చెప్పిందే శాస్త్రం. మనసు మాత్రం వెన్న, నోరు పచ్చిమిరపకాయ. ఆవిడ నోటికి ఎక్కువ దొరికింది మా అమ్మ. అమ్మ పుట్టిల్లు గోదావరి మధ్య లంకలో. పొగాకూ మిరపా కూరగాయలూ తప్ప వరి ఎరగని నేల. మా నాన్నగారి చెయ్యి పట్టుకుని కాలవ కిందకి వచ్చి, నన్ను కని ట్రైనింగుదాకా చదివించినా, అత్తయ్యకి అమ్మ ఇంకా లంకపిల్లే. అన్నం మెత్తబడితే లంకపిల్ల వండిందిగా అనేది. ధాన్యం ఎండబోస్తుంటే, లంకపిల్లకి వరి సంగతేం తెలుస్తుందిలే, జరుగు అనేది. అమ్మ నవ్వేసి జరిగేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది, ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

దారి పొడుగునా మాకు జరిగిన మర్యాద చూస్తే మేమేదో రాజ్యం గెలిచి వస్తున్నామనుకోవాలి. అప్పటికి ఎక్కడ చూసినా కోతలే. మార్టేరు దాటాం, పెనుగొండ దాటాం, సిద్ధాంతం దగ్గర వంతెన ఎక్కి గోదావరి పాయ దాటాం. నాన్నగారు ముందు, ఆయన భుజాన వెదురుకర్ర, కర్రకి పసుపుగుడ్డ చుట్టిన కుచ్చు. అది చూసి చేలల్లోంచి మనుషులు కొడవళ్ళు పట్టుకునే రోడ్డు మీదకి వచ్చేవారు. కుచ్చు ఎవరు కట్టారండి, ఎక్కడికండి అని అడిగేవారు. అడిగి ఊరుకోకుండా, తమ చేలోంచి ఒక గుప్పెడు కంకులు కోసి తెచ్చి, మా తరఫున కూడా స్వామికి చేర్చండి అని చేతుల్లో పెట్టేవారు. మార్టేరు దగ్గర మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం చేస్తున్న ముసలావిడ ఒకావిడ, పెనుగొండ రోడ్డులో చర్చి పక్కన కౌలుకి చేసుకునే ఒకాయన. ఆయనైతే, కోతపండగకి చర్చిలో పెట్టగా మిగిలినవి, మా దేవుడికి ఇచ్చాం, మీ దేవుడికీ ఇవ్వండి, పంట అందరిదీ కదా అన్నాడు. రావులపాలెంలో అరటి మార్కెట్టు వాళ్ళు గెల దింపి పళ్ళు పంచారు, వాళ్ళలో ఒకాయన తన ఇంటికి మనిషిని పంపి మరీ కంకులు తెప్పించి ఇచ్చాడు.

నాన్నగారు ఆ కంకుల్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకునేవారు. అద్దుకుని, వెనక్కి తిరిగి అమ్మకిచ్చేవారు. తన కుచ్చులో మాత్రం పరాయి గింజ ఒక్కటి కలపలేదు. మా చేను కంకులు, మా తొలికోత, మా మొక్కు. దానికాయన పడ్డ పాట్లు తక్కువవి కావు, గర్వం ఉండటంలో తప్పేముంది? అమ్మ దగ్గర పాత పంచె గుడ్డతో కుట్టిన చేతిసంచి ఉండేది. ఎవరు ఇచ్చిన గుప్పెడు వాళ్ళదిగా గడ్డిపోచతో ముడివేసి అందులో పెట్టుకునేది. నడకలో బరువెందుకే, ఏ చెరువుగట్టునో ఆవులకి వెయ్యరాదా అని అత్తయ్య సణిగేది. అమ్మ వినిపించనట్టు నడిచేది.

రాజమండ్రి చేరేసరికి పొద్దుగుంకింది. అంతకుముందే ధవళేశ్వరం దగ్గర నాన్నగారు ఆనకట్ట వైపు తిరిగి, మన కాలవకి పుట్టిల్లు ఇదే అని చెప్పి దణ్ణం పెట్టించారు. కోటిలింగాల రేవుకి దగ్గర్లో ఒక పాత సత్రంలో మాకు ముందువైపు గది ఇచ్చారు. గదికి బయట పెంకుల వరండా, అచ్చం మా ఇంటి వరండాలాంటిదే. మర్నాడంతా విశ్రాంతి. మర్నాటి తర్వాత దారంతా మెట్ట, ఇక వరిచేలు పెద్దగా కనబడవని బాబాయి చెప్పాడు. అది ఎందుకు చెప్పాడో గానీ, తర్వాత ఆ మాటే మమ్మల్ని కుదిపేసింది.

పొద్దున్న లేచి చూసుకుంటే, ముందురోజు ఏటిగట్టున పట్టిన మంచుకి పసుపుగుడ్డ తడిసి, లోపల కుచ్చు చెమ్మగిల్లి ఉంది. నాన్నగారు కంకుల్ని వేళ్ళతో తడిమి చూసుకున్నారు. నీళ్ళలో మొలకెత్తిన కంకిని పట్టుకుని నిలబడ్డ మనిషి కదా, గింజకి తడి తగిలిందంటే ఆయనకి ఇంకేమీ తోచదు. గుడ్డ విప్పేసి, గాలి తగిలి ఆరాలని కుచ్చుని తీసుకెళ్ళి వరండా చూరుకి కట్టారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ చేతులకి కుచ్చుని కట్టే చోటు అదొక్కటే తెలుసు. కట్టాక వెనక్కి వచ్చి, మా పాత చీరలూ చెంబులూ ఉన్న గదికి తాళం వేసి, పడిందో లేదో అని లాగి లాగి చూసి, నిశ్చింతగా స్నానానికి పదండి అన్నారు. మేమంతా ఆ కుచ్చు కిందనుంచే దిగి వెళ్ళాం. ఐదుగురిలో ఒక్కరికైనా అనుమానం రావాలా? రాలేదు. కుచ్చు చూరుకి ఉంటే మా కంటికి లోకం సవ్యంగా ఉన్నట్టే.

ఆ పూట తిరిగిన రాజమండ్రి నాకిప్పటికీ గుర్తుంది. రేవులో మునకలేసి, తడిబట్టలతోనే మెట్ల మీద నిలబడి పాత రైలు వంతెన మీద బండి వెళ్ళడం చూశాం. బండి ముందు కొస ఒడ్డు చేరినా తోక ఇంకా నీళ్ళ మీదే ఉందని బాబాయి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఇంటికి తీసుకెళ్ళడానికి అత్తయ్య ఇత్తడి చెంబు నిండా గోదావరి నీళ్ళు పట్టి మూతి బిగించి గుడ్డ కట్టింది. అమ్మ ఎగువన కనబడే లంక వైపు చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. తన పుట్టింటి లంక అది కాదు, అయినా లంక లంకే కదా.

తర్వాత నాన్నగారు మాకు ఊరు చూపించారు. ఆయన చదివింది ఐదో తరగతి, ఊరు చూపించడం మాత్రం ప్రొఫెసరులా చూపించారు. కోట ఉండేదన్న దిబ్బ చూపించి, ఇక్కడే రాజులు కూర్చుని మన భాషలో పద్యాలు చెప్పించుకున్నారన్నారు. అది నిజమే. మ్యూజియంలో పగిలిన విగ్రహాలన్నీ చూపించి అవన్నీ ఒకే రాజు చెక్కించాడన్నారు. అది నిజం కాదు, కింద బోర్డు మీద వేరే రాసి ఉంది, నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి గిల్లింది. రెండేళ్ళుగా తలదించుకుని తిరిగిన మనిషి ఆ రోజు తలెత్తి, చేతులూపుకుంటూ రాజుల కథలు చెబుతుంటే, బోర్డు చదవడం అంత ముఖ్యమా? మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ తాగాం. ఆ గులాబీరంగు చూసి అత్తయ్య, మందునీళ్ళలా ఉంది నాకొద్దంది. ఒక గుక్క రుచి చూశాక బాబాయి గ్లాసు కూడా ఆవిడే తాగింది. మా కుటుంబం అంత సంతోషంగా నడిచిన రోజు అంతకుముందు లేదు.

ఎండ నెత్తికెక్కాక సత్రానికి తిరిగొచ్చాం. వీధి మలుపులోనే పిచ్చుకల గోల వినిపించింది. వరండా మెట్ల నిండా ఊక. చూరుకి ఒక గడ్డిజడ వేలాడుతోంది, దాని చివరన గింజల్లేని పోచలు గాలికి ఊగుతున్నాయి. మమ్మల్ని చూసి పిచ్చుకలు బుర్రున లేచి పెంకుల మీదకెక్కి కూర్చున్నాయి, అవి కూడా కడుపునిండి బరువుగా లేచినట్టనిపించింది నాకు. అప్పుడు నాన్నగారు పైకి చూసి, జన్మలో ఎవరినీ అననంత మాట అన్నారు.

"మీ వంశం లేకుండా పోను! నా చేతికొచ్చిన గింజ మీ పాలైంది గదర్రా, మీరు కంటికి కనబడకుండా పోను!"

అని మెట్టు మీద కూలబడిపోయారు. బాబాయి కోపమంతా సత్రం చూసుకునే ఆయన మీద పడింది. కళ్ళెదుట తింటుంటే అదిలించకూడదా అని నిలదీశాడు. పాపం ఆయన తెల్లబోయాడు. "పిచ్చుకల కోసమే కట్టారనుకున్నానండి. ప్రయాణంలో కూడా వాటికి మేత పెడుతున్నారు, ఎంత పుణ్యాత్ములో అని దణ్ణం కూడా పెట్టుకున్నానండి" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కుచ్చు చూరుకి కట్టాక అది పిచ్చుకలది కాక ఇంకెవరిది?

అత్తయ్య తీర్పు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. మొక్కుకున్నది తొలికోత కంకులు. ఇంటి దగ్గర కుప్పలో ఎన్ని కంకులున్నా అవి తొలికోత కాదు. బాబాయి చెప్పినట్టు ముందు దారంతా మెట్ట, అక్కడ కంకి అన్నదే దొరకదు. మొక్కు చెడింది, వెనక్కి నడవండి, వచ్చే ఏడు చూసుకుందాం అంది. ఆవిడ కళ్ళు కూడా నిండి ఉన్నాయి, అయినా శాస్త్రం శాస్త్రమే. వచ్చే ఏడు అంటే ఏమిటో మాకందరికీ తెలుసు. నాన్నగారు ఏడాదిపాటు కొత్తబియ్యం ముట్టరు. దాళ్వాకి నారు పోయరు. స్వామి నా చేతిగింజ తీసుకోలేదు, నేను పనికిరానివాణ్ణని మళ్ళీ అనుకుంటారు. చేను కౌలుకి పోతుంది, కొట్లో గుమాస్తా పని చూసుకుంటారు. ఆయన అప్పటికే లేచి, తాళం తీసి, బట్టలు మూట కట్టడం మొదలుపెట్టారు. పొద్దున్న రాజుల కథలు చెప్పిన మనిషేనా అనిపించింది. నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ ఏడవలేదు. దండెం మీద ఆరేసిన తన చీర తీసి వరండాలో పరిచి, చేతిసంచి తెచ్చి దాని మీద బోర్లించింది. దారిలో జనం ఇచ్చిన కంకులన్నీ, ఎవరి ముడి వాళ్ళదిగా, చీర నిండా పరుచుకున్నాయి. అన్ని కంకులున్నాయని మాకెవరికీ తెలియదు. అమ్మ ఒక్కో ముడీ పట్టుకుని, ఇది మార్టేరు మామ్మగారిది, ఇది చర్చి పక్క ఆయనది, ఇది రావులపాలెంలో మనిషిని పంపి తెప్పించినాయనది అని చెప్పుకుంటూ పోయింది. పెద్దవాళ్ళ ముందు గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినని అమ్మ, ఆ రోజు నాన్నగారి వైపు తిరిగి తిన్నగా అంది.

"ఏవండీ, మీ మొక్కు మీది. చెడిందంటే చెడింది, వెనక్కి వెళదామంటే వెళదాం. కానీ వీళ్ళంతా మనల్ని నమ్మి ఇచ్చారు. వీళ్ళ మొక్కు చెడలేదు కదండీ. మనం వెనక్కి తిరిగితే ఇవి ఎవరు చేరుస్తారు? ఆ మామ్మగారికి మార్టేరులో నేనేం చెప్పాలి?"

నాన్నగారి చేతులు మూట మీద ఆగిపోయాయి. ఆయన అత్తయ్య వైపు చూశారు. నోట్లో శాస్త్రం తప్ప ఇంకోటి ఉండని అత్తయ్య దగ్గర ఆ ప్రశ్నకి శాస్త్రం లేదు. సొంత మొక్కుకైతే నియమం చెప్పగలదు గానీ, పరాయివాళ్ళు అప్పగించిన దాన్ని నడిమధ్యలో వదిలెయ్యమని ఏ నోటితో చెబుతుంది? కాసేపటికి నాన్నగారు వచ్చి చీర అంచున కూర్చుని, కంకులు ఒక్కొక్కటే తిప్పి చూడటం మొదలుపెట్టారు. కాడలు కురచగా ఉన్నాయని తనలో తను అనుకున్నారు. తర్వాత తలెత్తకుండానే నాతో అన్నారు.

"అమ్మాయ్, కాసిని నీళ్ళు తీసుకురా. కాడలు తడపాలి."

నేను లేచేలోపు అత్తయ్య, ఇంటికి తీసుకెళదామని పట్టిన ఇత్తడి చెంబు ముందుకు జరిపి, గుడ్డ విప్పి, కాడల మీద గోదావరి నీళ్ళు తన చేత్తోనే చిలకరించింది. 

పిచ్చుకలు తినగా పాత కుచ్చు నడిమధ్యలో మా చేను కంకులు ఏవో నాలుగు మిగిలాయి. నాన్నగారు వాటిని లోపల పెట్టి, వాటి చుట్టూ అందరివీ అల్లుకుంటూ వచ్చారు. కొన్ని కంకులు ఎర్రగా, కొన్నిటికి ముళ్ళు, కొన్ని సన్నగింజవి, కొన్ని దొడ్డువి. ఒక్కదానికీ ఒక్కదానికీ పొడుగు పొంతన లేదు. అలాంటి కుచ్చు ఆయన జీవితంలో కట్టలేదు. అల్లుతున్నప్పుడు ఎవర్నీ పలకనివ్వని మనిషి, ఆ రోజు తనే మాట్లాడారు. ఈ కంకి ఎవరిది అని అడగడం, అమ్మ చెప్పడం, ఆయన అల్లడం, మళ్ళీ అడగడం. మధ్యలో బాబాయి గట్టిగా తుమ్మాడు. అందరం బిగుసుకుపోయి నాన్నగారి మొహం చూశాం. "తుమ్మితే తుమ్మాడు, ఇవి వాడి కంకులు కావుగా" అన్నారు నాన్నగారు. అత్తయ్య అందరికంటే ముందు నవ్వింది.

సాయంత్రానికి కుచ్చు పూర్తయింది. మొదటిదానికంటే పెద్దది, అంత అందంగా మాత్రం లేదు. ఒకవైపు కాస్త ఒరిగింది. నాన్నగారు దాన్ని ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పాలకొల్లు నుంచి రాజమండ్రి దాకా ఉన్న చేలన్నీ ఇందులో ఉన్నాయి అన్నారు. పొద్దున్న రాజుల కోట చూపించినప్పటి గొంతు తిరిగొచ్చింది. సత్రం ఆయన వచ్చి, గదిలో మేకు చూపించి, తనే తలుపు దగ్గరకేశాడు.

మర్నాడు బయల్దేరేటప్పుడు నాన్నగారు అలవాటుగా వెదురుకర్ర అందుకోబోతే అత్తయ్య ఆపింది. "ఒరేయ్ తమ్ముడూ, అది నీది కాదు. లంకపిల్ల నిలబెట్టింది, లంకపిల్లనే మొయ్యనీ" అంది. అదే లంకపిల్ల అన్న మాట, అంతకుముందు ఎన్నిసార్లో విని ఒళ్ళు మండించుకున్న మాట. ఆ రోజు ఆ మాటే నా చెవికి బిరుదులా వినిపించింది. మా వంశంలో కుచ్చు భుజాన వేసుకున్న మొదటి ఆడమనిషి మా అమ్మ. మెట్టదారి అంతా ఆవిడ ముందు, మేమంతా వెనక. నాన్నగారు ఆవిడ వెనకే, కర్ర చివర గుడ్డ జారితే సర్దుతూ నడిచారు.

కొండ మీద స్వామి ఎదుట పూజారిగారు గోత్రం, పేర్లు అడిగితే నాన్నగారు చెప్పారు. అయిపోయిందనుకుంటే అమ్మ మొదలుపెట్టింది. మార్టేరు మామ్మగారు, పెనుగొండ చర్చి పక్క ఆయన, సిద్ధాంతం వంతెన దగ్గర గేదెలు కాసుకునే అతను, రావులపాలెం ఆయన. చాలామందికి పేర్లు తెలియవు, గోత్రాలు అంతకన్నా తెలియవు, ఊరూ మనిషి ఆనవాలూ చెప్పుకుంటూ పోయింది. వెనక లైను ఆగిపోయింది. ఎవరో గొణిగారు కూడా. పూజారిగారు మాత్రం విసుక్కోకుండా చివరిదాకా విని, అందరి పేరునా అక్షతలు వేసి కుచ్చు అందుకున్నారు. తర్వాత నేను చాలాచోట్ల ఉద్యోగం చేశాను, బడిలో బహుమతులిచ్చే సభల్లో, రిటైరైన రోజున కూడా వేదికల మీద నా పేరు పిలిపించుకున్నాను. ఆ రోజు అమ్మ వెనక నిలబడ్డప్పుడు కలిగినంత గర్వం నాకు ఏ వేదిక మీదా కలగలేదు. మనసులో మాట దాచుకోవడం నాకు చేతకాదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేరుగా ఇంటికి వచ్చేసేవాళ్ళమే గానీ, అమ్మ ఒప్పుకోక మార్టేరులో దిగిపోయాం. మామ్మగారి ఇల్లు వెతికి, మీ కంకులు చేరాయండి అని చెప్పింది అమ్మ. ఆవిడ అమ్మ గడ్డం పట్టుకుని, ప్రసాదం కళ్ళకద్దుకుని ఏడ్చింది. ఇంటికి వచ్చాక కొత్తబియ్యం వండాం. అన్నం కాస్త మెత్తబడింది. అత్తయ్య రెండోసారి పెట్టించుకుని తిన్నది గానీ, ఎవరు వండారని అడగలేదు. నాన్నగారు దాళ్వాకి నారు పోశారు. చేను కౌలుకి పోలేదు, గుమాస్తా పని మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఏడు ఊరివాళ్ళు కూడా మాతో బయల్దేరారు, వెళ్ళేసరికి దారిలో మా కోసం జనం కంకులు పట్టుకుని నిలబడి ఉన్నారు. అప్పట్నుంచీ మా ఊరి నడకకి అదే పద్ధతి. ఇంటి దగ్గర కుచ్చు కట్టరు. సంచితో బయల్దేరి, దారిలో అందరివీ తీసుకుని, రాజమండ్రిలో విశ్రాంతి రోజున కూర్చుని అల్లుతారు, ఊరి ఆడవాళ్ళు మోస్తారు. ఎందుకలా అని అడిగితే, మొదటినుంచీ అంతే అంటారు. మొదలు ఎక్కడో నాకు తెలుసు.

నాన్నగారూ అమ్మా అత్తయ్యా ఇప్పుడెవరూ లేరు. చేలల్లోకి కోత మిషన్లు వచ్చాయి. మిషను చేలో దిగిందంటే ఒక చివర వరి, ఇంకో చివర ధాన్యం, మధ్యలో కంకి అన్నది కంటికి కనబడదు. కంకే లేకపోతే కుచ్చేమిటి, ఇక ఈ నడక కూడా పోతుందిలే అని నేను అనుకున్నాను. నా అంచనా తప్పింది, తప్పినందుకు సంతోషం. మార్టేరు దగ్గర ఒక కుర్ర రైతు మిషను ఆపించి, చేలో ఒక మూల కొడవలితో కోసి ఇచ్చాడని మా తమ్ముడి కూతురు చెప్పింది. మా నాన్నమ్మ ఈ మూల మిషనుకి వదలొద్దని చెప్పి పోయింది అన్నాడట. ఆవిడ ఎవరో నాకు చెప్పనక్కర్లేదు. బ్యాంకులో ఉద్యోగం చేసుకునే పిల్ల, సెలవు పెట్టి, ఈ ఏడు కుచ్చు తనే అల్లింది, తనే మోసింది. అల్లేటప్పుడు వీడియో తీసి పంపింది. చేతులు అచ్చం మా నాన్నగారివే.

ఇదంతా గుర్తుచేసుకుంటూ ఉండగా ఆ సాయంత్రం దానికి మళ్ళీ ఫోను చేశాను. కుచ్చు ఇంకా వరండాలోనే ఉందట. ఒక్క గింజ కూడా తగ్గలేదు, నువ్వు అనవసరంగా భయపడ్డావు అత్తా అంది. పావురాలున్నాయట గానీ, వేలాడే కంకి మీద వాలి తినడం వాటికి రాదు. పిచ్చుకలు లేవా అని అడిగాను. అది, దారి పొడుగునా ఎక్కడా చూసినట్టు లేదు అత్తా అంది. మొక్కు భద్రంగా ఉంది, అంతకన్నా ఏం కావాలి అని సర్దిచెప్పుకుని ఫోను పెట్టేశాను. వరండాలోకి వచ్చి చూస్తే మా చూరుకి నిరుడు కట్టిన కుచ్చు కట్టినట్టే ఉంది, పైన దుమ్ము పట్టింది గానీ గింజ రాలలేదు. మామూలుగా మాట తూలని మనిషి కోపంలో అన్న మాట తగులుతుందని అత్తయ్య అనేది. నాన్నగారూ, ఆ రోజు రాజమండ్రిలో అన్న మాట వెనక్కి తీసుకోండి. మీ కుచ్చు చేరింది, మీ చేను నిలిచింది, వాటి మీద ఇంకా కోపమెందుకు?